సేల్స్ గర్ల్ ఉద్యోగానికి వయసు, పెళ్లి షరతులు: చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న (గుంటూరు నుంచి)
మా వీధి చివరి బట్టల దుకాణం అద్దం మీద ఒక కాగితం అంటించారు. "సేల్స్ గర్ల్స్ కావలెను, 18–25 ఏళ్ల అవివాహితులు మాత్రమే" అని ఒక వరుస, దాని కింద "సేల్స్‌మెన్ కావలెను, అనుభవజ్ఞులకు ప్రాధాన్యం" అని మరొకటి. నాకు 37 ఏళ్లు, ఇద్దరు పిల్లలు, పెళ్లికి ముందు పట్టుచీరల కౌంటర్‌లో పనిచేసిన అనుభవం ఉంది. లోపలికి వెళ్లి అడిగితే మేనేజరు మర్యాదగానే, "మీ వయసువాళ్లు రోజంతా నిలబడలేరమ్మా" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన పక్కనే యాభై దాటిన ఒక పెద్దాయన నిలబడి చీరలు మడతపెడుతున్నారు. ఇలాంటి షరతులు పెట్టవచ్చా?

జవాబు 1 (విశ్రాంత న్యాయవాది)
అమ్మా, మీ ప్రశ్నకు పాత చరిత్రే ఉంది. ఎయిర్ ఇండియాలో ఎయిర్ హోస్టెస్‌లు 35 ఏళ్లకే విరమించాలని, చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకున్నా, మొదటిసారి గర్భం దాల్చినా ఉద్యోగం వదులుకోవాలని నిబంధన ఉండేది. అవే విమానాల్లో పనిచేసే మగ సిబ్బందికి మాత్రం 58 ఏళ్ల దాకా ఉద్యోగం ఉండేది. ఈ నిబంధనలను సవాలు చేసిన ఎయిర్ హోస్టెస్ నర్గేష్ మీర్జా కేసులో 1981లో సుప్రీంకోర్టు గర్భం షరతును కొట్టివేసింది కానీ, పెళ్లి షరతును కుటుంబ నియంత్రణకు మేలు చేస్తుందన్న కారణం కూడా చూపి నిలబెట్టింది. నా దృష్టిలో అది తీర్పులోని బలహీనమైన భాగం.

మీ విషయంలో, ఒకే రకమైన పనికి ఉద్యోగులను తీసుకునేటప్పుడు స్త్రీ అన్న కారణంగా వివక్ష చూపకూడదని 1976 నాటి సమాన వేతన చట్టం చెప్పింది. ఆ నియమం ఇప్పుడు 2019 నాటి వేతనాల కోడ్‌లో ఉంది. ప్రైవేటు ఉద్యోగాల్లో వయసు వివక్షను విడిగా నిషేధించే కేంద్ర చట్టం మాత్రం లేదు. కాబట్టి వయసొక్కటే పట్టుకుంటే మీ వాదన నిలవదు. మగవారికి లేని వయసు, పెళ్లి షరతులు ఆడవారికే పెట్టారన్న దగ్గర పట్టుకోండి.

జవాబు 2 (డాలస్ నుంచి)
అమెరికాలో 1967 చట్టం ప్రకారం 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు 40 ఏళ్లు, ఆ పైబడినవారిని వయసు కారణంగా కాదనకూడదు. అంతమాత్రాన వివక్ష పోలేదు; "ఉత్సాహవంతులైన కొత్త పట్టభద్రులు" అంటూ వేరే మాటల్లో ప్రకటనలు వస్తూనే ఉంటాయి.

జవాబు 3 (దుకాణదారు)
మాది చిన్న బట్టల కొట్టు. పెళ్లైనవారు పండుగ సీజన్‌లో సెలవులు అడుగుతారన్న భయం వ్యాపారంలో నిజంగానే ఉంది. కానీ మా కొట్టులో పట్టుకూ ఆర్ట్ సిల్కుకూ తేడా చేత్తో తడిమి చెప్పగలిగేది, పెళ్లిళ్ల బేరాలు నిలబెట్టేదీ నలభై దాటిన ఆడవాళ్లే. ఇక నిలబడటం గురించి అంటారా, ఇరవై ఏళ్ల పిల్లకైనా పది గంటలు నిలబడితే కాళ్లు వాస్తాయి. దుకాణాల్లో పనివారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని 2018లో కేరళ, 2021లో తమిళనాడు తమ చట్టాలను సవరించాయి. కుర్చీ వేయాల్సిన చోట వయసు షరతు పెట్టడం మా వ్యాపారులు చేసుకున్న సౌకర్యం.

జవాబు 4 (విశ్రాంత న్యాయవాది)
దుకాణదారు గారు చెప్పింది నిజం. అమ్మా, ఆ కాగితాన్ని రెండు వరుసలూ కనబడేలా ఫొటో తీసి, తేదీ రాసి ఉంచుకోండి. మేనేజరు అన్నది నోటిమాట కనుక కాదనవచ్చు, కాగితాన్ని మాత్రం కాదనలేరు. దాన్ని జతచేసి కార్మిక శాఖ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోండి.