పాత స్కీల మీద గట్టిపడిన జిగురు ఎలా తీయాలి?

కాజీపేట, ఇప్పుడు ట్రాండ్‌హైమ్:
అన్నలకు, అక్కలకు నమస్కారం. ఆగస్టులో చదువుకు నార్వే వచ్చాను. మంచు మీద జారే వాడిన క్రాస్‌కంట్రీ స్కీలు ఒక జత చవకగా దొరికితే కొన్నాను. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగులు వాటికున్నవి పాత ఎస్ఎన్ఎస్ రకం, నా బూట్లు ఎన్ఎన్ఎన్ రకం. ఒకదానిలో ఒకటి కూర్చోవు. విప్పబోతే ఒక స్క్రూ కదలడం లేదు. మడమ కింది ప్లాస్టిక్ ప్లేటును బలంగా లాగితే తేనె రంగు జిగురు స్కీ మీదే పెచ్చులుగా ఉండిపోయింది. బ్లేడుతో గీకితే పైపొర మీద గీతలు పడ్డాయి. కొత్త బైండింగులు బిగించే ముందు దీన్ని ఎలా వదిలించాలి?

హనుమకొండ, ఓస్లో:
తమ్ముడూ, ముందే అడిగి ఉంటే కొననిచ్చేవాణ్ణి కాదు. ఇక్కడ చాలా ఊళ్లలో బూఆ కేంద్రాలున్నాయి. స్కీలు, బూట్లు, కర్రలు అన్నీ ఉచితంగా వాడుకోనిస్తారు. మొదటి చలికాలమంతా పడిలేవడమే, దానికి సొంత స్కీలు ఎందుకు? ఇంకో మాట, లోపల ఉన్ని బట్టలు వేసుకో. నూలువి చెమటకు తడిస్తే వణికి చస్తావు.

జగిత్యాల, లిల్లెహామర్:
అన్నా, అతను అడిగింది జిగురు గురించి. తమ్ముడూ, బ్లేడు పక్కన పడెయ్. కదలని స్క్రూ చుట్టూ ఎపాక్సీ అనే గట్టి జిగురు పట్టి ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తల మీద అర నిమిషం ఆనించు. వేడి లోపలికి దిగి జిగురు మెత్తబడుతుంది, వెంటనే తిప్పు. మామూలు ప్లస్ స్క్రూడ్రైవర్ వద్దు. పోజిడ్రైవ్ మూడో నంబరు కావాలి, లేదంటే తల అరిగిపోయి అసలుకే మోసం. పెచ్చులకు హెయిర్ డ్రయ్యర్ చాలు. వేలు పెడితే చురుక్కుమనగానే పాత ఏటీఎం కార్డు అంచుతో పక్క నుంచి నెట్టు, చల్లారితే మళ్లీ వేడి చెయ్. ఒకే చోట నిలపకు. స్కీ పొరలను పట్టి ఉంచేదీ అలాంటి జిగురే, అది కూడా వదిలేస్తుంది. తర్వాత మన ఊళ్లో పంక్చర్ వేసేవాడు సొల్యూషన్ రాసే ముందు ట్యూబును రుద్దినట్టు సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, రోడ్‌స్ప్రిట్‌తో, అంటే ఇక్కడ దొరికే స్పిరిట్‌తో తుడువు. పాత రంధ్రాల్లో జిగురులో ముంచిన బిరడాలు కొట్టు. కొత్త రంధ్రాలు వాటికి ఒక సెంటీమీటరైనా ఎడంగా ఉండాలి.

కరీంనగర్, బెర్గెన్:
వేడి అనగానే నా కథ చెప్పాలి. వచ్చిన రెండో ఏడు, ఇంటాయన పైన, నేను కింది గదిలో. ఇదే పనికి హీట్ గన్ తెచ్చాను. కిటికీ తెరవలేదు, బయట మంచు కదా! బైండింగు ప్లాస్టిక్ కాలి పొగ లేచింది, అలారం మోగింది, ఇంటాయన మేజోళ్లతోనే మంచులోకి పరుగెత్తాడు. అంతలో అగ్నిమాపక బండి. వాళ్లు రెండు నిమిషాలు చూసి నవ్వి వెళ్లిపోయారు. ఇంటాయన మాత్రం నవ్వలేదు. ఖాళీ చేసేటప్పుడు గోడకు వాసన పట్టిందని, రంగు వేయించాలని డిపాజిట్‌లో సగం కోసేశాడు. ఆ గోడకు నేను రాకముందే మరకలున్నాయి, ఫొటో తీసుకోకపోవడం నా ఖర్మ. అసలు డిపాజిట్ మూడు నెలల అద్దెకు మించకూడదని చట్టం, ఆయన నాలుగు తన ఖాతాలోకే తీసుకున్నాడు.

హనుమకొండ, ఓస్లో:
మూడు కాదు, ఆరు. మామూలుగా మూడు అడుగుతారు గానీ చట్టంలో గరిష్ఠం ఆరు నెలల అద్దె. అది నీ పేరిట విడిగా తెరిచిన ఖాతాలో ఉండాలి, వడ్డీ కూడా నీదే. నేరుగా ఆయన ఖాతాకు పంపావు చూడు, అక్కడ మునిగావు.

కరీంనగర్, బెర్గెన్:
పంపితేనే తాళం చెవి ఇస్తానన్నాడు అన్నా. మీరు వచ్చినప్పుడు కంపెనీయే ఇల్లు చూపించింది, మీకేం తెలుస్తుంది.

నిర్మల్, ట్రోమ్సో:
ఇంటి తగవు తర్వాత చూసుకోండి. రోడ్‌స్ప్రిట్‌తో గట్టిపడిన ఎపాక్సీ ఊడుతుందని ఎవరు చెప్పారు? అసిటోన్ రాయాలి.

జగిత్యాల, లిల్లెహామర్:
తుడవడానికి చెప్పాను, ఊడదీయడానికి కాదు. అసిటోన్ తగిలితే పైపొర మెరుపు పోయి బొమ్మలు చెదురుతాయి. నా పాత జతకు అదే గతి పట్టింది.

నిర్మల్, ట్రోమ్సో:
గుడ్డకు రెండు చుక్కలు అద్దుకోవాలి బాబూ, సీసా ఒంపమన్నానా! మా పొణికి బొమ్మలకు చింతగింజల జిగురు వాడతారు, ఈ గొడవే లేదు.

కాజీపేట, ట్రాండ్‌హైమ్:
అందరికీ ధన్యవాదాలు. సోల్డరింగ్ ఐరన్ ల్యాబ్‌లో అడిగి తెచ్చాను. రెండోసారి వేడి చేయగానే స్క్రూ కిర్రుమంటూ తిరిగింది, మరల మధ్య పసుపు పొడి. పెచ్చులు కిటికీ తెరిచి తీశాను. ఏటీఎం కార్డు వంకర పోయింది గానీ గీత ఒక్కటీ పడలేదు. అసిటోన్ జోలికి వెళ్లలేదు. ఒక్క సందేహం మిగిలింది. నేనూ డిపాజిట్ ఇంటాయన ఖాతాకే పంపాను. ఇప్పుడేం చేయాలి?