స్కూల్ సైకాలజిస్ట్ టెస్ట్ తెలుగులో పెట్టమని అడగొచ్చా? (న్యూజెర్సీ)

అందరికీ నమస్తే, మా బాబు సెకండ్ గ్రేడ్, పోయినేడాదే ఖమ్మం నుంచి వచ్చాం, ఇంగ్లిష్ ఇప్పుడిప్పుడే వస్తోంది. చదవడంలో వెనకబడ్డాడని టీచర్ అంటే స్కూల్ సైకాలజిస్ట్ ఇవాల్యుయేషన్‌కి కన్సెంట్ ఫారం పంపారు. నిజంగా ఏదైనా ఇబ్బంది ఉంటే ఇప్పుడే తెలియడం మంచిదే, కానీ టెస్టులన్నీ ఇంగ్లిష్‌లోనేనట! ఇంట్లో మా అత్తమ్మ చెప్పిన కథ మొత్తం తిరిగి చెప్తాడు, లెక్కలు నోటితోనే చేసేస్తాడు, అదే ఇంగ్లిష్‌లో వర్డ్ ప్రాబ్లం ఇస్తే బిక్కమొహం వేస్తాడు.

ఐడియా (IDEA, డిసెబిలిటీ ఉన్న పిల్లల చదువు గురించిన అమెరికా ఫెడరల్ చట్టం) ప్రకారం కుదిరినంతవరకూ పిల్లాడి భాషలోనే టెస్ట్ పెట్టాలి, ఇంగ్లిష్ రాకపోవడమే అసలు కారణమైతే డిసెబిలిటీ అని తేల్చకూడదు కూడా కదా. మరి ఇది మీటింగ్‌లో అడిగితే చాలా, మెయిల్ పెట్టాలా? తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని వాళ్లే తెస్తారా? (నేనే కూర్చుంటా అంటే ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా లెండి.) సైకాలజిస్ట్ మంచావిడే, కాకపోతే 500 మంది పిల్లలకి ఒకరుండాలని వాళ్ల అసోసియేషనే అంటుంటే ఈవిడ అంతకు రెట్టింపు మందిని చూస్తోంది, మావాడికి టైమెక్కడ.

రిపోర్ట్‌తో ఒప్పుకోకపోతే స్కూల్ డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయట ఇండిపెండెంట్ ఇవాల్యుయేషన్ ఎవరైనా చేయించారా, తెలుగొచ్చినవాళ్లు దొరికారా? సంతకం పెట్టేలోపు చెప్పండి ప్లీజ్.