జీతం ఒక దేశంలో, ఇల్లు పక్క దేశంలో: నిజంగా మిగులుతుందా?

కొత్త ఉద్యోగి

అందరికీ నమస్కారం. వచ్చే నెల కొత్త ఉద్యోగంలో చేరుతున్నాను. ఆఫీసు ఉన్న ఊళ్లో అద్దెలు చూస్తే కళ్లు తిరిగాయి. సరిహద్దు దాటి కాస్త దూరం వెళ్తే దాదాపు సగం అద్దెకే పెద్ద ఇల్లు దొరుకుతోంది. మా ఆవిడ, ఐదేళ్ల పాప నాతోనే ఉంటారు. రోజూ అటూ ఇటూ తిరగడానికి పర్మిట్ ఇప్పిస్తామని కంపెనీ కాగితం మీద రాసిచ్చింది.

అద్దెలో ఆదా అయ్యేదాంట్లోంచి పెట్రోలు, టికెట్ల ఖర్చు తీసేసి చూశాను. ఇంకా బాగానే మిగులుతోంది. కానీ కాబోయే సహోద్యోగుల్లో ఒకాయన వెంటనే వెళ్లిపొమ్మంటున్నారు, ఇంకొకాయన ఏడాది తిరక్కుండా వెనక్కొస్తావంటున్నారు. ఇలా బతికినవాళ్లు చెప్పండి. నా లెక్కలో ఏం వదిలేశాను?

తొమ్మిదేళ్ల ప్రయాణం

నిశ్చింతగా వెళ్లండి. తొమ్మిదేళ్లుగా నేను ఇలాగే ఉంటున్నాను. అద్దె నెల నెలా తప్పకుండా పోయే డబ్బు. దాన్ని సగం చేసుకోగలిగితే మిగతావి సర్దుకుంటాయి. మా అమ్మానాన్నలు ఈరోజు నా దగ్గర ఉండగలుగుతున్నారంటే ఆ అదనపు గది వల్లే.

మీరు అడగలేదు గానీ రెండు సంగతులు చెబుతాను. తెలియక మొదటి ఏడాది నేను బాగా పోగొట్టుకున్నాను. మొదటిది కార్డు మెషీన్. వేరే దేశం కార్డు పెట్టగానే "మీ దేశం డబ్బులో తీసుకోమంటారా, ఇక్కడి డబ్బులోనా" అని అడుగుతుంది. ఎప్పుడూ ఆ దుకాణం ఉన్న దేశం డబ్బునే ఎంచుకోండి. మన దేశం డబ్బు అని నొక్కితే మారకం రేటు ఆ మెషీన్ వాళ్లు పెట్టిందే అవుతుంది, వాళ్ల లాభం అందులోనే కలిసి ఉంటుంది. ఏటీఎంలోనూ ఇంతే.

రెండోది ఫోన్. సరిహద్దుకి దగ్గర్లో ఇల్లుంటే మన హాల్లో కూర్చున్నా ఫోన్ అవతలి టవర్‌ని పట్టుకుంటుంది. యూరోపియన్ యూనియన్ లోపల 2017 జూన్ 15 నుంచి రోమింగ్ అదనపు చార్జీలు ఎత్తేశారు కాబట్టి అక్కడ పెద్దగా ఇబ్బంది లేదు. మిగతా చోట్ల ఆ నెల బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. నెట్‌వర్క్‌ని ఫోనే ఎంచుకునే సెట్టింగ్ ఆపేసి, మీరే ఎంచుకోండి.

ఇవన్నీ ఒక్కసారి నేర్చుకుంటే అయిపోయేవి.

వెనక్కొచ్చేసినవాణ్ణి

"ఒక్కసారి నేర్చుకుంటే అయిపోయేవి" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం అన్నా. నేను నాలుగేళ్లు తిరిగి పోయినేడాది ఆపేశాను. ఎంత నేర్చుకున్నా టైమ్ మాత్రం నా చేతికి రాలేదు.

మ్యాపు నలభై నిమిషాలు చూపించేది. చాలా రోజులు నలభై నిమిషాలే పట్టేది కూడా. కానీ తొమ్మిదింటికల్లా సీట్లో ఉండాల్సిన మనిషి ఆ ధైర్యంతో బయల్దేరలేడు. తనిఖీ గట్టిగా చేసే రోజు ఉంటుంది, సెలవుల ముందు రోజు ఉంటుంది, కంప్యూటర్లు మొరాయించే రోజు ఉంటుంది. అవి చెప్పి రావు. అందుకని రోజూ గంటన్నర ముందే ఇంట్లోంచి బయటపడేవాణ్ణి. త్వరగా చేరిన రోజుల్లో ఆఫీసు కింద కారులోనే కూర్చునేవాణ్ణి. ఆ టైమ్‌కి జీతం రాదు, అది ఇంట్లోవాళ్లకీ దక్కదు. నాలుగేళ్లలో అలా ఎన్ని గంటలు పోయాయో లెక్క కట్టిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మలేసియాలోని జొహోర్ బహ్రుని, సింగపూర్‌ని కలిపే కాజ్‌వే పొడవు కిలోమీటరు పైచిలుకే. నడిచినా పావుగంట పని. అయినా అక్కడ రోజూ పనికి దాటేవాళ్లు ఎంతోమంది చీకటితోనే బయల్దేరతారు. వాళ్ల భయమంతా క్యూ గురించే. అమెరికా, మెక్సికోల మధ్య శాన్ ఇసిద్రో దగ్గర ముందే తనిఖీలు పూర్తి చేయించుకున్నవాళ్ల కోసం సెంట్రి అని వేరే లేన్లు పెట్టారు. మీరు దాటబోయే చోట అలాంటి సదుపాయం ఉందా, ఉంటే మీ పాస్‌పోర్టుకి వర్తిస్తుందా, అది ముందు కనుక్కోండి. ఇంటి ఫొటోలు తర్వాత చూడొచ్చు.

తొమ్మిదేళ్ల ప్రయాణం

తమ్ముడూ, నీ బాధ నాకు అర్థమైంది. మా ఆఫీసులో పదిన్నరకి వెళ్లినా ఏమీ అనరు. రద్దీ తగ్గాకే దాటతాను. అందుకే నాకు ఆ టెన్షన్ తెలియలేదేమో.

వెనక్కొచ్చేసినవాణ్ణి

నాకూ మొదటి రెండేళ్లు అలాగే ఉండేది అన్నా. తర్వాత మేనేజర్ మారారు, ఉదయం తొమ్మిదింటికే మీటింగులు మొదలయ్యాయి. ఇంటి అగ్రిమెంటు అప్పటికి ఇంకా ఏడాదిన్నర ఉంది.

పన్ను లెక్కలు

ఇలాంటి కుటుంబాల పన్ను కాగితాలు చూడటమే నా వృత్తి. టైమ్ గురించి మీరిద్దరూ చెప్పింది నిజమే. కానీ కొత్త ఉద్యోగి గారి లెక్కలో పెద్ద లోటు వేరేచోట ఉంది. ఆయన చేతికొచ్చే జీతం ఎంతో తెలిసిపోయినట్టే లెక్క వేశారు. ఇల్లు సరిహద్దు దాటిన రోజున ఆ అంకె మారిపోవచ్చు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఫ్రాన్స్‌లో ఉంటూ స్విట్జర్లాండ్‌కి రోజూ పనికి వెళ్లేవాళ్లున్నారు. ఉద్యోగం జెనీవాలో అయితే పన్ను అక్కడే జీతంలోంచి పట్టుకుంటారు. 1973 నాటి ఒప్పందం ప్రకారం జెనీవా ఆ మొత్తం జీతాల్లో 3.5 శాతానికి సమానమైన డబ్బుని పక్కనున్న ఫ్రెంచ్ ప్రాంతాలకి పంపుతుంది. అదే మనిషి అదే ఇంట్లో ఉంటూ స్విట్జర్లాండ్‌లోనే పక్కనున్న లోజాన్‌లో ఉద్యోగానికి మారితే 1983 నాటి వేరే ఒప్పందం కిందికి వస్తాడు, అప్పుడు పన్ను ఫ్రాన్స్‌లో కట్టాలి. కాబట్టి ఎవరో స్నేహితుడికి ఇంత పడిందని మీకూ అంతే పడుతుందనుకోకండి. మీ రెండు దేశాల మధ్య ఒప్పందం ఏం చెబుతోందో చూడాలి.

183 రోజుల మాట కూడా చాలామంది నమ్ముకుంటారు. పని చేసే దేశంలో 183 రోజులు దాటకపోతే అక్కడ పన్ను లేదని. ఆ నియమం చాలా ఒప్పందాల్లో ఉన్నమాట నిజం. కానీ అది జీతమిచ్చే కంపెనీ ఆ దేశానిది కానప్పుడు వర్తించేది, కొన్నాళ్ల పని మీద వెళ్లినవాళ్ల కోసం పెట్టింది. అక్కడి కంపెనీలోనే ఉద్యోగం చేస్తూ రోజూ వెళ్లొచ్చేవాళ్లు దాన్ని పట్టుకుని కూర్చుంటే నోటీసు వస్తుంది. నా దగ్గరికి నోటీసు వచ్చాకే వస్తారు, అదే బాధ.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఇంటి నుంచి పని. వారానికి రెండు రోజులు ఇంట్లో కూర్చుని పనిచేస్తే క్యూ తప్పుతుందని సంతోషిస్తారు. కానీ ఆ రెండు రోజులూ మీరు పని చేస్తున్నది వేరే దేశంలో. యూరప్‌లో మామూలు నియమం ప్రకారం, నివాసమున్న దేశంలో చేసే పని 25 శాతానికి చేరితే పెన్షన్, ఆరోగ్య బీమా లాంటి సామాజిక భద్రత చెల్లింపులు ఆ దేశానికి మారిపోతాయి. కంపెనీలు భయపడ్డాయి. 2023 జూలై 1 నుంచి, దీనికోసం పెట్టుకున్న ఒప్పందం మీద సంతకం చేసిన దేశాల మధ్య, ఇంటి నుంచి పని 50 శాతం లోపు ఉంటే ఆ చెల్లింపులు కంపెనీ ఉన్న దేశంలోనే కొనసాగే వీలు కల్పించారు. పన్ను సంగతి మళ్లీ వేరు: ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌ల మధ్య ఆ హద్దు 40 శాతం. మీ కంపెనీ పర్మిట్ గురించి రాసిచ్చింది సరే, ఇంటి నుంచి ఎన్ని రోజులు పనిచేయొచ్చో కూడా రాసిచ్చిందా?

బీమాకి గడువులు ఉంటాయి, అదీ మరవకండి. ఫ్రాన్స్‌లో ఉండి స్విట్జర్లాండ్‌లో పనిచేసేవాళ్లు ఏ దేశం ఆరోగ్య బీమా కావాలో 3 నెలల్లో తేల్చుకోవాలి. ఆ తర్వాత మనసు మార్చుకోవడం దాదాపు కుదరదు. కొత్త ఇల్లు సర్దుకునే హడావిడిలో ఆ 3 నెలలు ఎలా పోతాయో తెలియదు.

ఇంటి దగ్గరుండేదాన్ని

కొత్త ఉద్యోగి గారూ, "మా ఆవిడ, పాప నాతోనే ఉంటారు" అని ఒక్క వాక్యం రాశారు. ఇంతమంది ఇంత రాశారు గానీ ఆ వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. మా ఆయన ఆరేళ్లుగా సరిహద్దు దాటి పనికి వెళ్తున్నారు. నేను ఇవతల ఉంటాను. కాబట్టి నేను చెబుతాను.

ఆయనకి ఆ దేశంలో పని చేసుకునే పర్మిట్ ఉంది. ఈ దేశంలో నేను పని చేసుకోవచ్చా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, వేరే దరఖాస్తు. దానికి తోడు నా చదువుని ఇక్కడ గుర్తించడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్ల నా జీతం మా అద్దె ఆదాలోంచి ఎవరూ తీసివేయలేదు. నేను కూడా తీసివేయలేదు, అప్పట్లో తోచలేదు.

పిల్లల భత్యం కోసం దరఖాస్తు పెడితే ఇక్కడి ఆఫీసు "తండ్రి పనిచేసే దేశంలో అడగండి" అంది. అక్కడి ఆఫీసు "పిల్లవాడు ఉండే దేశం ముందు కాగితం ఇవ్వాలి" అంది. పదకొండు నెలలు తిరిగాను. పుట్టిన సర్టిఫికెట్‌కి అనువాదం కావాలన్నారు, అనువాదం మీద ముద్ర కావాలన్నారు, ముద్ర వేయించేసరికి సర్టిఫికెట్ పాతదైపోయింది, కొత్తది తెమ్మన్నారు. అన్నీ పగటిపూట జరిగే పనులు. ఆయన పగలంతా అవతల ఉంటారు.

ఇంకొకటి. బాబు స్కూల్లో పడి చెయ్యి విరగ్గొట్టుకున్న రోజు ఆయన వెంటనే బయల్దేరారు. ఆ సాయంత్రం గేటు దగ్గర లైను కదల్లేదు. కట్టు కట్టించుకుని, మందులు తీసుకుని, బాబుని పడుకోబెట్టాక ఆయన వచ్చారు. ఆయన తప్పేమీ లేదు. గుమ్మంలో నిలబడి ఏడ్చేశారు.

వెళ్లొద్దని నేను అనను. కానీ మీరు వేసిన లెక్కలో ఆదా మీ జీతంలో కనిపిస్తుంది, పని ఆవిడ మీద పడుతుంది. ఆవిడ ఉద్యోగం చేస్తున్నారా? చేయాలనుకుంటున్నారా? ఈ చర్చ ఆవిడకి చూపించారా?

తొమ్మిదేళ్ల ప్రయాణం

అమ్మా, మీరు రాసింది చదివి మా ఆవిడకి చూపించాను. ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి అల్మరాలోంచి నాలుగు ఫైళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. బీమా, స్కూలు, అమ్మానాన్నల రెసిడెన్స్ కార్డులు, కారు రిజిస్ట్రేషన్ మార్పు. ఇవన్నీ "మొదటి మూడు నెలల పని" అని నేను అందరికీ చెబుతూ వచ్చాను. చివరి కాగితం మీద తేదీ చూస్తే పోయిన నెలది.

పైన నేను రాసినదాంట్లో "ఒక్కసారి నేర్చుకుంటే అయిపోయేవి" అన్న ఆ ఒక్క మాట తప్పు. వెళ్లండి అన్న సలహా మాత్రం మార్చుకోను. మళ్లీ మొదటికి వస్తే ఇదే ఎంచుకుంటావా అని మా ఆవిడని అడిగితే, అత్తయ్య, మావయ్య దగ్గరుండాలంటే ఇంకో దారి లేదు కదా, ఇదే ఎంచుకుంటాను అంది. కాకపోతే ఫైళ్లలో రెండు ఇకపై నేను చూడాలని కూడా చెప్పింది.

గేటు మూసిన రోజు

ఒక్క విషయం చెప్పి ఆగుతాను. రోజూ తెరిచి ఉండే గేటు రేపూ తెరిచే ఉంటుందన్న నమ్మకం మీద ఈ లెక్కలన్నీ నిలబడ్డాయి. 2020 మార్చి 18న మలేసియా రాకపోకలు ఆపేసినప్పుడు సింగపూర్‌లో పనిచేసే ఎంతోమంది ఒక్క రోజులో తేల్చుకోవాల్సి వచ్చింది: ఉద్యోగం వైపు ఉండాలా, ఇంటి వైపు ఉండాలా అని. క్వారంటైన్ లేకుండా మళ్లీ భూమార్గం కొంతమేరకు తెరిచింది 2021 నవంబర్ 29న. అదే 2020 వసంతంలో జర్మనీలోని కోన్‌స్టాన్స్, స్విట్జర్లాండ్‌లోని క్రొయిట్స్‌లింగెన్ మధ్య కంచె వేస్తే, ఏళ్లుగా అడ్డే లేని చోట భార్యాభర్తలు, ప్రేమికులు కంచెకి చెరోవైపు నిలబడి మాట్లాడుకున్నారు.

మళ్లీ అలా జరుగుతుందని భయపెట్టడం లేదు. కనీసం రెండు నెలలు ఉద్యోగం ఉన్న వైపు ఉండగలిగే ఏర్పాటు, అంటే ఒక బంధువు ఇల్లో, పక్కన పెట్టిన డబ్బో, ఉంటేనే అవతల ఇల్లు తీసుకోండి. నాకు ఆ రోజు లేదు. పదిహేడు రాత్రులు ఆఫీసు స్టోర్ రూమ్‌లో పడుకున్నాను.

కొత్త ఉద్యోగి

అందరికీ కృతజ్ఞతలు. చర్చ మొత్తం మా ఆవిడకి చూపించాను. తను ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, మారితే మానేయాల్సి వస్తుందని నాకు తెలుసు. "మళ్లీ వెతుక్కుంటుందిలే" అని నాలో నేనే అనుకున్నాను, తనని అడగలేదు. తన జీతం కూడా కలిపి రాత్రి ఇద్దరం మళ్లీ లెక్క వేశాం. మిగిలేది మొదట అనుకున్నదాంట్లో మూడో వంతుకి దిగింది.

అయినా పూర్తిగా వదిలేయలేదు. మొదటి ఆరు నెలలు ఆఫీసు వైపే చిన్న ఇల్లు తీసుకుంటున్నాం. ఈలోగా నేను వారానికి ఒకసారి ఉదయం ఏడింటికి అవతల నుంచి ఇటు దాటి చూసి, పట్టిన టైమ్ రాసుకుంటాను. ఇంటి నుంచి పని ఎన్ని రోజులన్నది కంపెనీని ఈ-మెయిల్‌లో అడిగాను. తను అక్కడ పనిచేయడానికి ఏ పర్మిట్ కావాలో తనే కనుక్కుంటానంది.

పన్ను లెక్కలు గారూ, ఒక్క సందేహం. ఏడాది మధ్యలో ఇల్లు మారితే ఆ ఏడాదికి రెండు దేశాల్లోనూ రిటర్న్ వేయాలా?

పన్ను లెక్కలు

చాలాసార్లు వేయాల్సి వస్తుంది. మారిన తేదీకి రుజువు ముఖ్యం: పాత ఇంటి అగ్రిమెంటు ముగిసిన కాగితం, కొత్త చోట నమోదు చేయించుకున్న కాగితం, రెండూ దాచండి. వీలైతే ఏడాది మొదట్లో మారండి, సగం పని తగ్గుతుంది.