మొదటి కాన్పులో బాగా బ్లీడింగ్ అయింది, రెండోసారి ఎక్కడికి వెళ్లాలి?

కోనసీమ కోడలు:
ఇప్పుడు నాకు ఏడో నెల. మూడేళ్ల కిందట పాప పుట్టిన అరగంటకి నెత్తురు ధారగా పోయింది. గర్భసంచి గట్టిపడలేదన్నారు, మూడు బాటిళ్ల రక్తం ఎక్కించారు. అత్తగారేమో "ప్రతిసారీ అలాగే అవుతుందా ఏంటి" అని పక్క వీధి నర్సింగ్ హోమ్‌కే వెళ్దామంటున్నారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

చిన్ను వాళ్లమ్మ:
నాకు మాయ ముక్క లోపలే ఉండిపోయింది. ప్యాడ్ పది నిమిషాలకే తడిసిపోతోందని మా అమ్మ చెబితే, "బాలింతకి ఆమాత్రం పోతుందిలే" అన్నారు. ఒళ్లంతా చెమటలు పట్టి చెవుల్లో హోరు మొదలయ్యాక అప్పుడు పరుగులు. ఆ రాత్రి నా గ్రూపు రక్తం కోసం మా ఆయన రెండు బ్లడ్ బ్యాంకులు తిరిగాడు. అక్కా, ఆ నర్సింగ్ హోమ్‌లో రాత్రిపూట రక్తం దొరుకుతుందేమో ముందు అడగండి.

లేబర్ రూమ్ నర్సు:
పద్నాలుగేళ్లుగా ఇదే డ్యూటీ నాది. ఒకసారి అయినవాళ్లకి మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువే, అత్తగారికి చెప్పండి. అర లీటరు దాటితే ప్రమాదం కిందే లెక్క. కానీ దుప్పట్లో ఇంకింది, బకెట్లో పడింది కంటితో చూసి చెప్పలేం, మేమూ తక్కువే అనుకుంటాం. అందుకే గీతలున్న ప్లాస్టిక్ సంచీ నడుం కింద పరిచి కొలవాలి. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 80 ఆసుపత్రుల్లో ఇలా కొలిచి చూశారు, 2023లో ఫలితాలొచ్చాయి. రక్తం ఎక్కువ పోతోందని తెలియగానే పొట్ట మీద మర్దనా, గర్భసంచిని గట్టిపరిచే ఆక్సిటోసిన్ మందు, నెత్తురు ఆగడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, లోపల పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్రమైన కేసులు 60 శాతం తగ్గాయి. ఒకటి చేసి, ఆగిందా లేదా అని చూసి, ఇంకోటి చేయడంలోనే టైమంతా పోతుంది. ట్రానెక్సామిక్ అయితే కాన్పయిన 3 గంటల లోపే ఇవ్వాలి.
బిడ్డ పుట్టగానే 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇస్తారా అని కూడా అడగండి. అది ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు. కరెంటు పోతే ఏం చేస్తారో కనుక్కోండి, సిగ్గుపడొద్దు.

రెండో బాబు నాన్న:
మా ఆవిడకి మందులతో ఆగకపోతే కండోమ్‌ని క్యాథెటర్‌కి, అంటే సన్నటి గొట్టానికి కట్టి గర్భసంచి లోపల పెట్టి, సెలైన్ నింపారు. నేను నమ్మలేదు! ఢాకా డాక్టరు సయేబా అఖ్తర్ కనిపెట్టిన పద్ధతట. ఆగింది, గర్భసంచి తీసే పని తప్పింది.

లేబర్ రూమ్ నర్సు:
హిమోగ్లోబిన్ ఎంతుంది చెల్లీ?

కోనసీమ కోడలు:
8.9 మేడమ్.

లేబర్ రూమ్ నర్సు:
తక్కువ. రక్తం లేనివాళ్లు కొంచెం పోయినా తట్టుకోలేరు. ఈ వారమే డాక్టరుకి చూపించి, ఐరన్ ఇంజెక్షన్ అవసరమా అని అడగండి. మాత్రలైతే టీతో మాత్రం వేసుకోకండి.

కోనసీమ కోడలు:
ఇదంతా అత్తగారికి చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, కాకినాడ పెద్దాసుపత్రికే పోదాం. మరి దొడ్లో కాయలెవరు దింపిస్తారు?" అన్నారు.