బటన్లు లేని టచ్‌ప్యాడ్: రైట్ క్లిక్ మూల మీదా, రెండు వేళ్లతోనా?

గడియారం సెంటర్, నల్లగొండ:
మా కాలేజీ ల్యాబ్‌కు పన్నెండు పాత ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. అన్నీ కింద బటన్లు లేని టచ్‌ప్యాడ్‌లవే. ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వేసి పెట్టాను. మొదటి రోజే ఒకమ్మాయి చెయ్యెత్తింది, "సార్, రైట్ క్లిక్ అయితలేదు" అని. పోయి చూస్తే ఆమె నొక్కేది సరైన చోటే, ప్యాడ్ కింది కుడి మూల. టక్కుమని చప్పుడు వస్తోంది, మెనూ మాత్రం రాదు, ఫైలు ఊరికే సెలెక్ట్ అవుతోంది. పక్క సిస్టమ్‌లోనూ అదే కథ. డ్రైవర్ (ప్యాడ్‌ను నడిపే ప్రోగ్రాం) పడలేదనుకొని గంటసేపు తల పట్టుకున్నా. తీరా చూస్తే డ్రైవర్‌కు ఏ రోగమూ లేదు. ఉబుంటులో కనబడే డెస్క్‌టాప్‌ను తయారుచేసే గ్నోమ్ వాళ్లు 2018లో, 3.28 వెర్షన్ నుంచి పద్ధతి మార్చారు. మూల నొక్కితే చాలదు, ప్యాడ్ మీద రెండు వేళ్లు పెట్టి నొక్కాలి. ట్వీక్స్ అనే సెట్టింగ్‌ల యాప్‌లో 'మౌస్ క్లిక్ ఎమ్యులేషన్' దగ్గర 'ఏరియా' పెడితే పాత పద్ధతి వచ్చేసింది.

నేననేది ఇది. విండోస్‌లో మూల నొక్కడం అలవాటైన పిల్లలే అందరూ. ఇన్‌స్టాల్ చేయగానే మూల పని చేయాలి. రెండు వేళ్లు కావాలనుకున్నవాళ్లు సెట్టింగ్ మార్చుకుంటారు. కాదంటారా?

పాలమూరు బీటెక్:
కాదనే అంటా అన్నా. ఆ ప్యాడ్ కింద ఉండేది ఒకటే స్విచ్. నువ్వు ఎడమ మూల నొక్కు, కుడి మూల నొక్కు, నడుమ నొక్కు, లోపలికి పోయేది 'ఎడమ బటన్ నొక్కారు' అనే కబురే. సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్ దాన్ని 'బటన్‌ప్యాడ్' అని గుర్తు పెట్టి పైకి పంపుతుంది. అప్పుడు లిబ్‌ఇన్‌పుట్ అనే టచ్‌ప్యాడ్ డ్రైవర్ వేలు ఎక్కడుందో చూసి, కింది కుడి మూలలో ఉంటే 'ఇది రైట్ క్లిక్' అని తనే తేలుస్తుంది. అంటే కుడి బటన్ అనేది అసలు లేనే లేదు, డ్రైవర్ గీసుకున్న గీత అది. ఆ గీత నీకు కనబడదు, వేలికి తగలదు. కొన్ని ప్యాడ్‌ల మీద చిన్న గీటు ఉంటది, చాలావాటికి అదీ లేదు. కనబడని బటన్‌ను వెతుక్కుంటూ పోవుడు ఎందుకు? రెండు వేళ్లయితే ఎక్కడ నొక్కినా అయితది.

గడియారం సెంటర్, నల్లగొండ:
తమ్మీ, లిబ్‌ఇన్‌పుట్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి చెబుతున్నా. ఆ డ్రైవర్ తనంతట తాను రెండు వేళ్ల పద్ధతి పెట్టేది ముఖ్యంగా ఆపిల్ ప్యాడ్‌లకే. మిగతా బటన్లు లేని ప్యాడ్‌లలో చాలావాటికి మూలే. డ్రైవర్ రాసినవాళ్లు మూల అన్నారు, పైన డెస్క్‌టాప్ వాళ్లు కాదన్నారు. ఆపిల్ 2008లో బటన్ తీసేసి ప్యాడ్ మొత్తాన్నే బటన్ చేసినప్పుడు వాళ్ల వాడకందార్లకు రెండు వేళ్లు నేర్పుకుంది, సరే. మా పిల్లలకు ఎవరు నేర్పారు?

రిపేర్ టేబుల్:
మీ ఇద్దరి కొట్లాట మధ్యలో ఒక్క మాట. సెట్టింగ్ మార్చేముందు ల్యాప్‌టాప్‌ను టేబుల్ మీద పెట్టి పక్క నుంచి చూడండి. మొన్న ఒకాయన తెచ్చాడు, 'డ్రైవర్ మళ్లీ వేయండి, క్లిక్ పడతలేదు' అని. నేను డ్రైవర్ జోలికి పోలేదు. ప్యాడ్ అంచు కీబోర్డ్ పక్కనున్న ప్లాస్టిక్ కంటే గోరు మందం పైకి లేచి ఉంది. అడుగు మూత విప్పితే బ్యాటరీ అప్పడంలా ఉబ్బింది. అది కింది నుంచి తోస్తుంటే ప్యాడ్ కిందికి ఎట్లా దిగుతది? అట్లాంటిది కనబడితే నొక్కి చూడకండి, ఛార్జింగ్ తీసేసి వెంటనే బ్యాటరీ మార్పించండి.

ఇంకోటి. చాలా ప్యాడ్‌లకు కీలు పై అంచున, కీబోర్డ్ దగ్గర ఉంటది. కింద నొక్కితే దిగుతది, పైన రాయిలా ఉంటది. 'రెండు వేళ్లతో ఎక్కడైనా' అనే మాట ఆ ప్యాడ్‌ల మీద చెల్లదు.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ:
నేను వడ్ల సీజన్‌లో ఎడమ చేత్తో తూకం చీటీలు పట్టుకొని కుడి చేత్తో ల్యాప్‌టాప్ నడుపుతా. బొటనవేలు ప్యాడ్ కింద ఆనించి చూపుడు వేలితో బాణం జరపడం నా అలవాటు. రెండు వేళ్ల పద్ధతిలో ఒక్కోసారి మామూలుగా నొక్కినా మెనూ తెరుచుకుంటది. వేళ్ల మధ్య దూరం చూసి, కింద ఉన్నది బొటనవేలా కాదా అని డ్రైవర్ అంచనా కడుతుందట. నా విషయంలో ఆ అంచనా రోజుకు నాలుగుసార్లు తప్పుతోంది. నా ఓటు మూలకే.

పాలమూరు బీటెక్:
మిల్లు అన్నా, నొక్కుడు మానేసి ట్యాప్ ఆన్ చేసుకో. రెండు వేళ్లతో తేలిగ్గా తడితే రైట్ క్లిక్. అది నొక్కే పద్ధతికి సంబంధం లేకుండా నడుస్తది. మూల పెట్టుకొని కూడా ట్యాప్ వాడొచ్చు. గడియారం అన్న పిల్లలకు రెండూ దొరుకుతయి.

మిల్లు లెక్కలు, మిర్యాలగూడ:
ట్యాప్ అసలే వద్దు. ఊక దుమ్ము, చెమట వేళ్లు. ఆనీ ఆనకముందే క్లిక్ పడి కర్సర్ వేరే గడిలోకి దూకింది. ఒక లారీ బస్తాలు ఇంకో రైతు పేరు మీద ఎక్కినయి. సాయంత్రం లెక్క సరిపోక టెన్షన్ నాకు, నీకు కాదు.

ఇక్కత్ గ్రాఫ్, పుట్టపాక:
నాకు రైట్ క్లిక్‌తో పెద్ద పని లేదు, పట్టి లాగడంతోనే. చీర డిజైన్ గడుల మీద గీస్తూ పోతుంటే వేలు ప్యాడ్ అంచుకు వచ్చి ఆగిపోతుంది, గీత తెగుతుంది. బొటనవేలితో కింద ఎడమ పక్క నొక్కి పట్టి, ఇంకో వేలితో జరిపితే గీత తెగదు, ఆ వేలిని ఎత్తి మళ్లీ పెట్టినా సరే. లిబ్‌ఇన్‌పుట్‌లో ఇది బాగా నడుస్తోంది. మూల పద్ధతిలో బొటనవేలితో కింది కుడి మూల నొక్కామంటే మాత్రం రైట్ క్లిక్ అయిపోతుంది, జాగ్రత్త. రోజంతా గీసేవాళ్లయితే మౌస్ కొనుక్కోండి. నేనదే చేశాను.

పాలమూరు బీటెక్:
అందరూ పాత బటన్లనే తలుచుకుంటున్నరు. బయట కంపెనీలన్నీ తీసేసినయి కదా!

రిపేర్ టేబుల్:
అన్నీ కాదు. లెనోవో 2013లో థింక్‌ప్యాడ్ టీ440 ల్యాప్‌టాప్‌కి, కీబోర్డ్ నడుమ బాణం జరిపే ఎర్ర బొడిపె తాలూకు బటన్లు తీసేసి ప్యాడ్‌లో కలిపింది. వాడేవాళ్లు గోల పెట్టారు. 2015లో టీ450కి మళ్లీ పెట్టింది. డ్రైవర్ ఎంత బాగున్నా వేలికి తగిలే బటన్ సంగతి వేరు.

గడియారం సెంటర్, నల్లగొండ:
నా మాట మార్చుకోను. పన్నెండింటిలో పదకొండుకు మూల పెట్టేశాను, ట్యాప్ ఆన్ చేయాలా వద్దా అనేది పిల్లల ఇష్టానికే వదిలాను. ఇకపై ఉబుంటు 24.04 వేసేవాళ్లకు ట్వీక్స్ కూడా అక్కర్లేదు. గ్నోమ్ 46 నుంచి సెట్టింగ్స్‌లోనే టచ్‌ప్యాడ్ పేజీలో మూలా, రెండు వేళ్లా అని అడుగుతోంది. ఆ ప్రశ్న ఆరేళ్ల ముందే అడిగి ఉంటే నాకు ఆ గంట మిగిలేది.

రిపేర్ టేబుల్ అన్నా, ఆ పన్నెండోది ఏడో నంబర్ సిస్టమ్. మీరు చెప్పాక పక్క నుంచి చూశాను, ప్యాడ్ కొంచెం లేచినట్టే ఉంది. ఛార్జర్ తీసేసి పక్కన పెట్టా. రేపు పదింటికి తెస్తా, టేబుల్ మీద ఉంటారా?