పోడియం మీద నల్లరిబ్బన్ కడితే పతకం పోతుందా? ఉద్యోగం పోతుందా?

బరంపురం బార్బెల్:

అందరికీ నమస్కారం. మా గంజాం జిల్లా నుంచి రాష్ట్ర స్థాయి వెయిట్‌లిఫ్టింగ్‌కి వెళ్లే కుర్రాళ్లు కొందరు ఒక ఆలోచనలో ఉన్నారు. ఇక్కడ తెలుగు బడుల్లో మేష్టర్ల ఖాళీలు నిండట్లేదు కదా, దాని మీద పతకం తీసుకునేటప్పుడు చేతికి నల్లరిబ్బన్ కట్టుకుంటారట. ఒకడైతే బరువెత్తేటప్పుడే "మా బడికి మేష్టరేడీ?" అని రాసిన టీషర్టు వేసుకుంటానంటున్నాడు. వ్యాయామశాలలో పెద్దాళ్లు హడలగొడుతున్నారు: పతకం లాగేసుకుంటారు, జీవితాంతం బ్యాన్ చేస్తారు, పోలీసు కేసయితే రైల్వే ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే అని. వీళ్లేమో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కేపర్నిక్ జాతీయగీతానికి మోకాలి మీద కూర్చోలేదా, మన రెజ్లర్ వినేశ్ ఫోగాట్ రోడ్డెక్కలేదా అంటున్నారు.

2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో మా ఊరి రవికుమార్ 69 కిలోల్లో బంగారం తెచ్చాడు. ఆ ఆటని ఉద్యోగానికి దారిగా చూసే ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. అందుకని ధైర్యం చెప్పడమూ వద్దు, భయపెట్టడమూ వద్దు. అసలు రూలేమిటి, ఏ శిక్ష ఎక్కణ్నుంచి వస్తుంది, తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి.

పర్లాకిమిడి మేష్టారు:

బాబూ, ముందు పతకం సంగతి తేల్చేద్దాం. పెద్దాళ్లు చెప్పేది బహుశా 1968 మెక్సికో ఒలింపిక్స్ కథే, అది తప్పుగానే తిరుగుతోంది. 200 మీటర్లు 19.83 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డుతో గెలిచిన టామీ స్మిత్, మూడో స్థానం వచ్చిన జాన్ కార్లోస్ జాతి వివక్షకు నిరసనగా పోడియం మీద నల్ల చేతిజోళ్లతో పిడికిలెత్తారు. కార్లోస్ తన జత మర్చిపోయి రావడంతో ఉన్న ఒక్క జతనీ పంచుకున్నారు, ఫొటోలో స్మిత్‌ది కుడి చెయ్యి, కార్లోస్‌ది ఎడమ చెయ్యి కావడానికి కారణం అదే. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం (ఐఓసీ) అధ్యక్షుడు బ్రండేజ్ పట్టుబడితే అమెరికా ఇద్దర్నీ జట్టులోంచి తీసేసి ఒలింపిక్ విలేజ్ నుంచి పంపేసింది. పతకాలు మాత్రం ఎవరూ తీసుకోలేదు.

జీవితాంతం నిషేధం అన్నది నిజంగా జరిగింది గానీ అది 1972 మ్యూనిక్‌లో. 400 మీటర్లలో మొదటి రెండు స్థానాలూ తెచ్చుకున్న విన్స్ మాథ్యూస్, వేన్ కాలెట్ జాతీయగీతం మోగుతుంటే నిటారుగా నిలబడకుండా కబుర్లాడుకుంటూ ఉన్నారని ఒలింపిక్స్‌కి శాశ్వతంగా దూరం పెట్టారు. పోడియం మీద పిడికిలి కూడా ఎత్తలేదు వాళ్లు! పతకం ఆపిన ఉదాహరణ కావాలంటే 2012 లండన్: జపాన్ మీద కాంస్యం గెలిచాక కొరియా ఫుట్‌బాలర్ పార్క్ జాంగ్-ఊ "దోక్దో మాదే" (కొరియా, జపాన్ రెండూ మాదనే దీవులవి) అని రాసిన అట్ట పట్టుకుని మైదానంలో తిరిగాడు. పతక ప్రదానానికి రానివ్వలేదు. ఫిఫా రెండు మ్యాచ్‌ల నిషేధం, 3,500 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేసింది. పతకం మరుసటేడు చేతికిచ్చారు.

ఇప్పుడు నడుస్తున్న రూలు ఒలింపిక్ చార్టర్ 50. ఒలింపిక్ స్థలాల్లో రాజకీయ, మత, జాతి ప్రచారం ఏ రూపంలోనూ కుదరదని దాని సారం. 2021లో టోక్యోకి ముందు కొంచెం సడలించారు. ఆట మొదలవకముందు, అంటే పేరు పిలిచే సమయంలో, ఎవరినీ వేలెత్తి చూపకుండా, పక్కవాడి ఏకాగ్రత చెడగొట్టకుండా ఏదైనా సైగ చేసుకోవచ్చు. ప్రెస్ మీట్‌లో, ఇంటర్వ్యూలో, సోషల్ మీడియాలో అభిప్రాయం చెప్పొచ్చు. పోడియం మీద, ఆట నడుస్తుండగా, ప్రారంభ ముగింపు ఉత్సవాల్లో మాత్రం ససేమిరా. 2024 పారిస్‌లో శరణార్థి జట్టు తరఫున బ్రేకింగ్ డాన్సు పోటీలో దిగిన మనీజా తలాష్ పోటీ మధ్యలో "అఫ్ఘాన్ స్త్రీలకు స్వేచ్ఛ" అన్న అర్థం వచ్చే వస్త్రం విప్పి చూపించింది. అనర్హత వేటు పడింది. అదే మాట బయటికొచ్చి మైకు ముందు చెప్పి ఉంటే ఏ రూలూ అడ్డురాదు.

రాష్ట్ర పోటీలకి ఒలింపిక్ చార్టర్ నేరుగా వర్తించదు. అక్కడ చూడాల్సింది మీ సంఘం ఎంట్రీ ఫారంలో క్రమశిక్షణ గురించి ఏం రాసి సంతకం పెట్టించుకున్నారన్నది. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టే అలవాటు మనవాళ్లకు బాగా ఎక్కువ.

టీషర్టు కుర్రాడికి వేరే చిక్కుంది. వెయిట్‌లిఫ్టింగ్‌లో బెల్టు వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదని కూడా కొలత పెట్టిన ఆట ఇది. వేదిక ఎక్కేముందు టెక్నికల్ కంట్రోలర్ దుస్తులు చూస్తాడు. రాతలున్న టీషర్టు కనబడితే విప్పి రమ్మంటాడు. ఒక ఎత్తుకు దొరికేది ఒక్క నిమిషం, వరసగా రెండోసారి తనే ఎత్తాల్సి వస్తే రెండు నిమిషాలు. గడియారం ఆపుతారన్న ఆశ మీద ఆడొద్దు. నినాదం ఎవరూ చూడరు, స్నాచ్‌లో (బరువుని ఒకే ఊపులో తలపైకెత్తే మొదటి అంకంలో) ఒక ప్రయత్నం మాత్రం గంగలో కలుస్తుంది. మూడు స్నాచ్‌లూ పోతే ఎత్తిన మొత్తం బరువంటూ లెక్కే ఉండదు, ఇక పోడియం ఎక్కడిది?

బల్లార్షా బౌన్సర్:

మేష్టారు రూలు చెప్పారు. నేను కెరీర్ సంగతి చెప్తాను, ఎందుకంటే రూలు వేసే శిక్ష చిన్నదే. అసలు దెబ్బ సెలక్షన్‌లోనూ కాంట్రాక్టులోనూ తగులుతుంది, దాని మీద "నిరసన చేశావు కాబట్టి" అని ఎక్కడా రాసి ఉండదు.

కేపర్నిక్‌నే తీసుకోండి. 2016 సీజన్ అంతా జాతీయగీతం సమయంలో మోకరిల్లాడు. ఒక్క డాలరు జరిమానా లేదు, ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ లేదు. 2017 మార్చిలో కాంట్రాక్టు నుంచి బయటికొచ్చాడు, లేకపోతే జట్టే వదిలించుకునేది. ఆ తర్వాత 32 జట్లలో ఒక్కటీ తీసుకోలేదు. యజమానులు కూడబలుక్కున్నారని ఫిర్యాదు వేస్తే 2019 ఫిబ్రవరిలో లీగ్ రాజీ చేసుకుంది, మొత్తం ఎంతో బయటపెట్టలేదు. నైకీ ప్రకటన వచ్చింది నిజమే, ఆట మాత్రం తిరిగి రాలేదు. అతనికి ఇరవై ఏళ్ల ముందు, 1996లో, డెన్వర్ బాస్కెట్‌బాల్ జట్టులో మహమూద్ అబ్దుల్ రవూఫ్ గీతానికి లేవనన్నాడు. శిక్ష ఒక్క మ్యాచ్, 31,707 డాలర్లు. నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేలా ఒప్పందం కుదిరింది కూడా. ఆ వేసవిలోనే అతన్ని శాక్రమెంటోకి ఇచ్చేశారు, రెండేళ్లలో ఎన్‌బీఏ బయటికి వచ్చేశాడు.

ఎవరికి ఎంత తగులుతుందో తెలియాలంటే నాకు అన్నిటికన్నా 2003 ప్రపంచకప్ ఉదాహరణ నచ్చుతుంది. ఫిబ్రవరి 10, హరారే, నమీబియాతో మ్యాచ్. ఆండీ ఫ్లవర్, హెన్రీ ఒలోంగా ఇద్దరూ నల్ల పట్టీలు కట్టుకుని, జింబాబ్వేలో ప్రజాస్వామ్యం చచ్చిపోయిందని ప్రకటన ఇచ్చారు. ఒకే జట్టు, ఒకే పట్టీ, ఒకే ప్రకటన. ఫ్లవర్‌కి 34 ఏళ్లు, అంతర్జాతీయ క్రికెట్ ఎలాగూ ముగింపుకొచ్చింది, ఎసెక్స్ కౌంటీ ఉంది, తర్వాత ఇంగ్లండ్ కోచ్ అయ్యాడు. ఒలోంగాకి 26. ప్రాణభయంతో దేశం వదిలి ఇంగ్లండ్ చేరాడు, జింబాబ్వేకి మళ్లీ ఆడలేదు. పట్టీ కట్టే ముందు మీ కుర్రాళ్లు చూసుకోవాల్సింది ఇదే: వయసెంత, చేతిలో రెండో దారి ఉందా?

మహమ్మద్ అలీ సుప్రీంకోర్టులో గెలిచాడు కదా అంటారు ఎవరైనా. గెలిచాడు, 1971 జూన్‌లో, 8-0తో. కానీ 1967లో సైన్యంలో చేరనన్నప్పుడు బిరుదూ లైసెన్సూ పోయి మూడున్నరేళ్లు రింగ్ బయటే ఉన్నాడు. బాక్సర్‌కి 25 నుంచి 28 ఏళ్లంటే ఏమిటో వ్యాయామశాలలో ఎవర్నడిగినా చెప్తారు. తీర్పు ఆ ఏళ్లని వెనక్కివ్వలేదు.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒక మేలుంది. కిలోలు అబద్ధం చెప్పవు, అర్హతకి కావాల్సిన బరువు ఎత్తినవాణ్ని పక్కన పెట్టడం క్రికెట్‌లో "ఫామ్ లేదు" అన్నంత తేలిక కాదు. అలాగని పూర్తి భరోసా కూడా లేదు. 1968లో స్మిత్, కార్లోస్‌లతో పాటు బ్యాడ్జి పెట్టుకున్న రజత విజేత పీటర్ నార్మన్‌ని 1972కి ఆస్ట్రేలియా పంపలేదు. ఆ బ్యాడ్జి వల్లే అని ఒక పక్షం, ట్రయల్స్‌లో మూడో స్థానం వచ్చాడని ఇంకో పక్షం ఈనాటికీ వాదించుకుంటున్నాయి. వాళ్ల పార్లమెంటు 2012లో క్షమాపణ చెప్పింది, అప్పటికి అతను పోయి ఆరేళ్లు.

రాయగడ లోకోషెడ్:

పెద్దాళ్ల భయాల్లో ఉద్యోగం సంగతి ఒక్కటే పట్టించుకోదగ్గది. మన దేశంలో ఆటగాడికి జీతమిచ్చేది ఎక్కువగా రైల్వే, పోలీసు, సర్వీసెస్ (సైనిక దళాలు). అమెరికా ఉదాహరణలు అక్కడే ఆగిపోతాయి.

ఉద్యోగంలో ఉన్నవాడికి: కేంద్ర ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళి ఉంది, రైల్వేకి అదే తరహాలో 1966ది, ఒడిశా ప్రభుత్వానికి 1959ది. కేంద్ర నియమావళిలో 5వ నియమం పార్టీ రాజకీయాలు, 7 ప్రదర్శనలు, 9 ప్రభుత్వ విమర్శ. ప్రదర్శన అనేదే నిషేధం అనుకుంటారు చాలామంది, కాదు. కామేశ్వర్ ప్రసాద్ వర్సెస్ బిహార్ కేసులో 1962లోనే సుప్రీంకోర్టు అన్ని ప్రదర్శనల్నీ గంపగుత్తగా నిషేధించే నియమం చెల్లదంది. సమ్మె హక్కు మాత్రం లేదంది. శాంతిభద్రతలకు భంగం కలిగించేది కుదరదు. పార్టీ కండువా కప్పుకుంటే అసలే కుదరదు. రెజ్లర్లు వినేశ్, బజరంగ్, సాక్షి 2023లో తమ సమాఖ్య అధ్యక్షుడి మీద జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నప్పుడూ రైల్వే ఉద్యోగులే, తర్వాత మళ్లీ డ్యూటీలో చేరారు. 2024 సెప్టెంబర్‌లో వినేశ్, బజరంగ్ కాంగ్రెస్‌లో చేరాలనుకున్నప్పుడే రాజీనామా చేయాల్సొచ్చింది. గీత ఎక్కడుందో అక్కడ తెలుస్తుంది.

ఉద్యోగం ఇంకా రానివాడికి: రిబ్బన్ వల్ల కేసు రాదు. అనుమతి లేని ఊరేగింపు వల్ల వస్తుంది. గుంపులు కూడొద్దనే పాత 144 సెక్షన్ ఇప్పుడు కొత్త నేర విచారణ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 163, ఆ ఉత్తర్వు మీరితే కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌లో 223. ఎఫ్ఐఆర్ ఉన్నంత మాత్రాన ఉద్యోగం పోదు, కానీ ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలో అడిగిన చోట దాస్తే ఆ దాచడమే కొంప ముంచుతుంది. పాస్‌పోర్టుకి కూడా, కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు చట్టం సెక్షన్ 6 కింద ఆపొచ్చు, అప్పుడు ఆ కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. విదేశీ టోర్నీకి పేరొచ్చాక ఈ పని మొదలుపెడితే అయ్యేది కాదు.

ఇంకొకటి, ఇది అందరూ మర్చిపోతారు: డోపింగ్ కాగితాలు. రిజిస్టర్డ్ పూల్‌లో (ఎప్పుడైనా పరీక్ష చేసేందుకు ఎంచుకున్న ఆటగాళ్ల జాబితాలో) ఉన్నవాడు రోజుకి 60 నిమిషాలు ఎక్కడుంటాడో ముందే నమోదు చెయ్యాలి. ధర్నాకి ఢిల్లీ వెళ్లి చిరునామా మార్చకపోతే అది లెక్కలోకొస్తుంది, 12 నెలల్లో అలాంటివి మూడైతే రెండేళ్ల దాకా నిషేధం. మూత్రం శాంపిల్ ఇవ్వకపోతే నాలుగేళ్లు. బజరంగ్‌కి 2024లో పడింది అదే. కాలం చెల్లిన కిట్ల గురించి అడిగాను తప్ప నిరాకరించలేదని అతని వాదన, అయినా శిక్ష పడింది. కిట్ మీద అనుమానముంటే శాంపిల్ ఇచ్చేసి, ఫారంలో వ్యాఖ్యల గడిలో అభ్యంతరం రాసి సంతకం పెట్టాలి. ఖాళీగా వదిలితే తర్వాత ఎంత అరిచినా ఒకటే. రాష్ట్ర స్థాయి కుర్రాళ్లు ఆ పూల్‌లో ఉండకపోవచ్చు గానీ శాంపిల్ ఎవరినైనా అడగొచ్చు.

ఆట పరంగా కూడా చూడండి. వినేశ్‌కి నిరసన నెలలు, వెంటనే మోకాలి ఆపరేషన్, 2023 సీజన్ పోయింది. ఈలోగా 53 కిలోల ఒలింపిక్ కోటా అంతిమ్ పంఘాల్ తెచ్చుకుంది. వినేశ్ 50కి దిగింది, ఫైనల్ రోజు పొద్దున్న 100 గ్రాములు ఎక్కువ తూగింది. దేనికది విడిగా చూస్తే నిరసనకి శిక్ష అని ఎవరూ అనలేరు.

బరంపురం బార్బెల్:

మేష్టారూ, అన్నలూ, చాలా స్పష్టంగా ఉంది. టీషర్టు ఆలోచన మానుకోమని చెప్తాను. ఒక్కటి అడుగుతాను: పతకం తీసుకుని కిందికి దిగాక, రిబ్బన్ కట్టుకుని ప్రెస్ వాళ్లతో మాట్లాడితే?

పర్లాకిమిడి మేష్టారు:

అది మేలైన చోటు. కప్పులిచ్చే వేదిక, వార్మప్ గది దాటి బయటికొచ్చి కట్టుకోండి. కారణం ముందే ఒకే మాటగా చెప్పుకోండి, ఒకరు బడి అని ఇంకొకరు సొంత దుఃఖం అని చెప్తే రెండూ పోతాయి. 2023 డిసెంబర్‌లో పెర్త్ టెస్టులో ఆస్ట్రేలియా క్రికెటర్ ఉస్మాన్ ఖవాజా బూట్ల మీద రాతలు అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) వద్దంటే నల్ల పట్టీ కట్టాడు. అది సొంత దుఃఖానికని తర్వాత చెప్పినా, ముందుగా అనుమతి అడగలేదని మందలింపు తప్పలేదు. ధోనీ గ్లవ్స్ మీద బలిదాన్ గుర్తుకి (సైన్యంలో పారా దళం చిహ్నానికి) కూడా 2019లో ఐసీసీ మినహాయింపు ఇవ్వలేదు, అంతటివాడికే.

మాట్లాడేది లెక్కతో మాట్లాడాలి. "తెలుగుకి అన్యాయం" అంటే మర్నాడు ఎవరికీ గుర్తుండదు. ఫలానా బడి, మంజూరైన పోస్టులు ఇన్ని, ఖాళీ ఇన్ని, ఎప్పట్నుంచి. ఆ లెక్క సమాచార హక్కు కింద బ్లాక్ విద్యాధికారి ఆఫీసులో అడగండి. ఒడిశాలో ఫారం-ఏ నింపాలి, రుసుము 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. పోటీ తేదీ చూసుకుని ఆ లెక్కన ఇప్పుడే పెట్టండి. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు సంగతి రాజ్యాంగం 350ఎ లో ఉంది, వినతిపత్రంలో ఆ అంకె వెయ్యండి. పత్రం ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి, ఛత్రపురం కలెక్టర్ ఆఫీసులో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. విలేకరి అడిగితే కుర్రాడు ఆ నంబరు చెప్పగలగాలి.