మేఘాద్రిగెడ్డలో నేను లెక్కపెట్టే కొంగలు విమానాలకేమైనా పనికొస్తాయా?

గెడ్డగట్టు:
విశాఖ గోపాలపట్నంలో ఉంటాను. ఐదేళ్ళుగా ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్స్ మెడలో వేసుకుని మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్‌కి పోవడం, చూసిన పిట్టల్ని ఈబర్డ్‌లో, అంటే పిట్టల లెక్కలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, ఎక్కించడం నా పిచ్చి. "ఆ లెక్కలెవరికి, పిట్టలకి జీతాలిస్తావా?" అంటుంది మా ఆవిడ.

మొన్న తెల్లారకముందే వెళ్ళాను. తుమ్మచెట్ల మీంచి తెల్లకొంగల గుంపు లేచింది. 43 దాకా లెక్కపెట్టి తప్పిపోయాను. నీళ్ళవైపు రాకుండా వరసకట్టి ఎయిర్‌పోర్టు దిక్కుకి పోయాయి. సరిగ్గా అటే లైట్లు వేసుకుని ఒక విమానం దిగుతోంది. ఏమీ కాలేదు గానీ చేతిలో టీ చల్లారిపోయింది. నా దగ్గర 200 పైచిలుకు లిస్టులున్నాయి. వీటితో విమానాలకు పిట్టలు తగలకుండా చూసేవాళ్ళకి ఉపయోగం ఉంటుందా?

రన్‌వే_బాబాయ్:
తమ్ముడూ, ఒక ఎయిర్‌పోర్టులో 22 ఏళ్ళు జీపులో తిరిగి టపాకాయలు పేల్చి పిట్టల్ని తోలినవాణ్ణి. ఊరి పేరు వద్దులే. మీ పక్షి ప్రేమికులు అరుదైన బాతు కనిపిస్తే పండగ చేసుకుంటారు. మాకు టెన్షన్ పెట్టేవి కొంగ, గద్ద, తీతువు, అంటే మీరు తల తిప్పి కూడా చూడనివి. గడ్డి కోసిన రోజు పురుగులు బయటపడి కొంగలు దిగేవి. తొలివానకి ఉసిళ్ళు లేస్తే ఇక చెప్పక్కర్లేదు. కొంగలతో పేచీ పొద్దున, సాయంత్రం. గద్దలు మాత్రం ఎండెక్కి నేల వేడెక్కాక, ఆ వేడిగాలి పట్టుకుని రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ లేస్తాయి. మీ విశాఖ ఎయిర్‌పోర్టు ఉన్న నేవీ స్థావరం పేరే ఐఎన్ఎస్ డేగ, గద్దలు తమకీ వాటా ఉందనుకున్నా అనుకుంటాయి.

విమానం వేగం రెట్టింపైతే పిట్ట తగిలే దెబ్బ నాలుగింతలవుతుంది. అందుకే అరకిలో కూడా లేని కొంగైనా తేలిగ్గా తీసుకోం.

పటాలపిచ్చి:
పనికొస్తాయి. అమెరికా వైమానిక దళం ఏడాదిలో ఎప్పుడు, ఏ వేళకి, ఎక్కడ పక్షుల ముప్పు ఎక్కువో చూపే పటాలు తయారు చేసుకుంది. అందులో వాలంటీర్లు చేసిన పక్షి గణనల లెక్కలూ వాడారు. అయితే మీ లిస్టుల్లో మూడు లోపాలుంటాయి.

అన్నీ ఆదివారం పొద్దుటివే. వాటిని నమ్మితే విశాఖలో సాయంత్రం కొంగలే ఎగరవనుకోవాలి. రెండోది, ఎంత ఎత్తున, ఎటు పోయాయో ఉండదు. రిజర్వాయర్‌లో కూర్చున్న వెయ్యి బాతుల కన్నా రన్‌వే దారికి అడ్డంగా రోజూ వెళ్ళే 40 కొంగలే ప్రమాదం. మూడోది, సంఖ్యకి బదులు 'ఎక్స్' అని పెట్టేస్తారు. ఉందని తెలుస్తుంది, ఒకటో వందో తెలియదు.

ఎక్కణ్ణుంచి వచ్చాయన్నదీ ముఖ్యమే. 2009 జనవరిలో న్యూయార్క్‌లో పిట్టలు తగిలి ఇంజన్లు దెబ్బతిని విమానాన్ని హడ్సన్ నదిలో దింపాల్సొచ్చింది కదా. ఇంజన్లో దొరికిన ఈకల్ని పరీక్షిస్తే అవి ఊళ్ళో ఉండే పెద్దబాతులు కావని, వలస వచ్చినవని తేలింది. ఊళ్ళోవాటిని మాత్రమే తోలితే సరిపోదన్నమాట.

ఒక మాట, నేవీ కంచె దగ్గర కెమెరా, బైనాక్యులర్స్ తీయకండి. రిజర్వాయర్ దగ్గరే ఉండండి.

గెడ్డగట్టు:
లిస్టులు తిరగేశాను, సిగ్గేసింది. సూదితోక బాతులు 17 అని ఆడామగా విడదీసి మరీ రాశాను. గద్దల దగ్గర వరసగా ఎక్స్, ఎక్స్, ఎక్స్.

బాబాయ్ గారూ, గద్దలంటే గుర్తొచ్చింది. మా వీధి చివర ఖాళీ స్థలంలో రాత్రిళ్ళు ఎవరో చికెన్ వ్యర్థాల సంచులు పడేస్తున్నారు. పొద్దున తొమ్మిదయ్యేసరికి దాని మీద 20 గద్దలు. దీనికేమైనా రూలుందా?

రన్‌వే_బాబాయ్:
ఉంది. 1937 విమాన నిబంధనల్లో 91వది. ఎయిర్‌పోర్టు నుంచి 10 కిలోమీటర్ల లోపు పక్షుల్ని రప్పించేలా చెత్త వేయకూడదు, పశువుల్ని కోయకూడదు. గోపాలపట్నం ఆ పరిధిలోదే. తేదీ, టైము, గద్దల సంఖ్య రాసి జీవీఎంసీకీ (విశాఖ నగరపాలక సంస్థ), ఎయిర్‌పోర్టుకీ ఇవ్వండి. ఫొటో సంచులది తీయండి, గద్దలది కాదు.

గెడ్డగట్టు:
సరే. మంగళవారం సాయంత్రం ఐదున్నరకి వెళ్తున్నా. నేను లెక్కపెడితే రాస్తానంది మా ఆవిడ.